ఆయన కాళ్ళ కింది బోటు

మాలకొండమ్మ కాపురానికి వచ్చేనాటికే ఆ ఇంటికి పడవ ఉంది. అప్పట్లో చెక్కది, ఇప్పుడు ఫైబర్ బోటు. ఆ బోటుకి ఆమె చేయని చాకిరీ లేదు. ఇంజనుకి డీజిల్ మోసింది, వలలు ఆరేసింది, చిరిగిన చోట కుట్టింది, ఏడాదికోసారి ఒడ్డున నిలబడి పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టింది. అది తెచ్చిన చేపల్ని తట్టకెత్తుకుని బోగోలులో, కావలి వీధుల్లో తిరిగి అమ్మింది. పిల్లలిద్దరి పెళ్ళిళ్ళూ ఆ చేపలతోనే అయ్యాయి. ఒక్కటే చేయలేదు. ఆ బోటు ఎక్కలేదు.

ఎక్కకూడదు. బోగోలు మండలంలో సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఆ పట్టపు జాలర్ల పాళెంలో ఆడవాళ్ళు వేట బోటు ఎక్కరు. ఎక్కితే వలలో చేప పడదంటారు, నీళ్ళ మీదున్న మగవాళ్ళకి ఆపదంటారు. మగవాళ్ళకీ ఒక నియమం ఉంది. వాళ్ళు చెప్పులతో ఎక్కరు. ఒడ్డున వరసగా విడిచిన చెప్పులు చూసి ఇవాళ ఎన్ని బోట్లు వెళ్ళాయో చెప్పేయొచ్చు.

ఆమె పుట్టింది విడవలూరు వైపు ఇంకో పాళెంలో. చిన్నప్పుడు ఒడ్డున లాగిపెట్టిన పడవల్లో ఒకదాన్నించి ఇంకోదాన్లోకి దూకేదట. పిల్లలకి అడ్డు లేదు. పెద్దమనిషైన తర్వాత ఒక సాయంత్రం అలవాటు కొద్దీ పడవ అంచు పట్టుకుని కాలెత్తితే, వాళ్ళ అవ్వ వెనక నించి జడ పట్టుకుని దించిందట. "ఇంక చాల్లేమ్మే. నీ పడవలు అయిపోయినాయి" అందట. ఆ మాట చెప్పేటప్పుడు మాలకొండమ్మ నవ్వుతుంది. నవ్వుతూనే చెయ్యి జడ మీదికి పోతుంది.

పడవలు అయిపోయాయి గానీ ఆ దిగులు అయిపోలేదు. భర్త హజరత్తయ్య వేట నించి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే ఆమె అడిగేది.

"ఏమయ్యా, ఒడ్డు కనపడకుండా పోయినాక ఎట్టుంటది?"

"ఎట్టుంటది? నీళ్ళు."

"నీళ్ళు నేను జూళ్ళేదా? కాళ్ళ కింద ఎట్టుంటదని అడగతన్నా."

"అన్నం పెట్టు."

అంతే. హజరత్తయ్య మాటలు పొదుపుగా వాడే మనిషి. దెబ్బలాటకి కూడా ఖర్చు పెట్టడు.

ఈ సంగతులన్నీ మాకు చెప్పింది అనూష. అనూష మాలకొండమ్మ అక్క కూతురు, కావలిలో మాతోపాటు ఇంజనీరింగ్ చివరి ఏడాది. మా జట్టు ఆ ఏడాది చేస్తున్నది బూట్లు. మామూలు బూట్లు కాదు. కళ్ళకి హెడ్‌సెట్ పెట్టుకుంటే వర్చువల్ రియాలిటీలో ఎడారి కనిపిస్తుంది, మంచుకొండ కనిపిస్తుంది. కాళ్ళు మాత్రం గది గచ్చు మీదే ఉంటాయి. కళ్ళొకచోట, కాళ్ళొకచోట. ఆ తగాదా తీర్చేవే మా బూట్లు. అడుగున బొట్టుబిళ్ళలంత మోటార్లు, మడమ కింద ఒక గాలి సంచి, వేళ్ళ కింద ఇంకోటి. అడుగు వేయగానే మోటార్లు వణుకుతాయి, సంచులు ఉబ్బి తగ్గుతాయి. ఇసకైతే జారినట్టు, కంకరైతే గుచ్చినట్టు అరికాలు నమ్మేస్తుంది. నిజంగా నమ్మేస్తుంది! మొదటిసారి గచ్చు మీద ఇసక తగిలిన రోజు ల్యాబులో మేం పెట్టిన కేకలకి పక్క గదిలో క్లాసు ఆగిపోయింది.

అయితే ఏ నేలనైనా బూట్లకి నేర్పాలంటే ముందు ఒక మనిషి ఆ నేల మీద నడవాలి. సెన్సార్లున్న పలచటి అట్టలు పాదాల కింద పెట్టుకుని నడిస్తే, ఆ పాదం పడ్డ ఒత్తిడీ వణుకూ ఒరుగూ అన్నీ వాటిలో నమోదవుతాయి. తర్వాత బూట్లు వేసుకున్నవాళ్ళకి అవే తిరిగి తగులుతాయి. ఇసక, వరిగట్టు, ఉప్పుమడి, తారురోడ్డు మా దగ్గరున్నాయి. చెన్నైలో పోటీ ఉంది. ఇంకెవరి దగ్గరా లేనిది ఒకటి కావాలి.

"కదిలే నేల," అంది అనూష. "మా చిన్నాయన బోటు."

జనవరిలో ఒక తెల్లవారుజామున పాళెం ఒడ్డుకి వెళ్ళాం. హజరత్తయ్య మా బూట్లని చేత్తో పట్టుకుని, తిప్పి చూసి, మళ్ళీ ఇసకలో పెట్టేశాడు.

"బూట్లేసుకుని బోటెక్కాల్నా? పాళెంలోనుంచి గెంటిచ్చాలనుండాదా పాపా నన్ను?"

అనూష బూటులోంచి సెన్సార్ల అట్టలు ఊడబెరికింది. హజరత్తయ్య వాటిని ఒట్టి పాదాల కిందే పెట్టుకుని, వల కుట్టే నైలాన్ దారం తెప్పించుకుని, వలకి వేసినట్టే ముళ్ళు వేసుకున్నాడు. చుట్టూ చూసేట్టు ఒక కెమెరా కర్రకి కట్టి బోటు మధ్యలో నిలబెట్టాం. కాసేపు అటూ ఇటూ నడిచి బటన్ నొక్కి ఆపేయమని చెప్పాం. సరేనన్నాడు. ఆయనకి వేటలో వేట తప్ప ఇంకేదీ గుర్తుండదని మాకేం తెలుసు? మధ్యాహ్నం తిరిగొచ్చాక చూస్తే బటన్ నొక్కనే లేదు. కెమెరా ఛార్జింగ్ దారిలోనే అయిపోయింది గానీ పాదాల అట్టలు మాత్రం పోయిరావడం మొత్తాన్నీ పట్టుకున్నాయి. మేం ఇసకలో గెంతుతున్నాం. ముళ్ళు విప్పడం మా వల్ల కాక కత్తెరతో కోశాం.

చేపల కోసం తట్ట తెచ్చిన మాలకొండమ్మ అక్కడే నిలబడి ఆ అట్టల్నే చూస్తోంది.

"అనూషా, ఇది బూట్లకెక్కినాక నేనేసుకుంటే ఈయన బోటులో నిలబడినట్టే నాకుంటదా?"

"అట్నే ఉంటది పిన్నమ్మా."

"కాళ్ళ కింద?"

"కాళ్ళ కిందే."

మాలకొండమ్మ తట్ట కింద పెట్టింది. "అయితే ఏసుకుంటా" అంది.

ఆ మాట, మేం ఆయన నడకని బూట్లకెక్కించి మళ్ళీ తీసుకొచ్చేలోపే పాళెమంతా తిరిగింది. ఆమె తోడికోడలు విజయకుమారి చాటింపు వేసినంత పని చేసింది. "మా అక్క బోటెక్కతాదంట! రేపట్నించి వలేసేది ఈమె, అన్నం వండేది మా బావ!" జనం నవ్వుకున్నారు గానీ, కొందరు నవ్వలేదు. విషయం పెదకాపు దగ్గరికి పోయింది. పాళెంలో తగువులు తీర్చే పెద్దని పెదకాపు అంటారు. పెదకాపు చంద్రమౌళి చేతికర్రతో తుఫాను షెల్టరుకి వచ్చి, కుర్చీలో కూర్చుని, అనూషని పిలిచాడు.

"యాడుంది బోటు?"

"ఇందులో తాతా," అని ల్యాప్‌టాప్ చూపించింది.

"మరి నీళ్ళు?"

"అయీ ఇందులోనే."

"మీ పిన్నమ్మ యాడ నిలబడతాది?"

"ఇక్కడే, షెల్టర్ గచ్చు మీద."

చంద్రమౌళి కర్రతో గచ్చుని రెండుసార్లు కొట్టి చూశాడు. "అయితే ఎక్కినట్టు కాదు. ఏసుకోనియ్."

మేం బూట్లు బయటికి తీశాం. మాలకొండమ్మ ముందుకొచ్చింది.

"ఎక్కినట్టు కాదా మామా?"

"కాదు గదా. గచ్చు మీదుంటే ఎక్కినట్టెట్టవతది?"

"అయితే నాకొద్దు."

విజయకుమారి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చంద్రమౌళి కళ్ళు చిట్లించాడు. "ఏందే నీ గోల? ఎక్కినట్టు కాదు గనకే ఏసుకోమంటన్నా."

"ఎక్కినట్టుంటేనే ఏసుకుంటా మామా. ఎక్కినట్టు కాకపోతే ఈ బూట్లతో నాకేం పని? చెప్పులుండాయి గదా నాకు."

పెదకాపు ఇరకాటంలో పడ్డాడు. ఎక్కినట్టంటే కట్టుబాటు అడ్డం, కాదంటే ఈ మనిషి అడ్డం. చివరికి కర్ర ఒళ్ళో పెట్టుకుని తీర్పు చెప్పాడు.

"సరే, ఎక్కినట్టే. మనోళ్ళు నీళ్ళ మీదుండగా ఆడమనిషి బోటెక్కకూడదు. ఎక్కితే వాళ్ళకి ఆపద. అంతేగా? ఎండాకాలం వేట నిషేధం రానీ. బోట్లన్నీ ఒడ్డుకొస్తాయి. నీళ్ళ మీద మనోడు ఒక్కడుండడు. అప్పుడెక్కు. ఎవురికీ నష్టం ల్యా."

చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు పెట్టే ఆ నిషేధం ఏప్రిల్ మధ్యలో మొదలవుతుంది. ఇంకా మూడు నెలలుంది. బూట్లేమో పోటీకి చెన్నై పోవాలి. పోటీ అయ్యాక మోటార్లు విప్పి ల్యాబుకి తిరిగి ఇచ్చేయాలి, అది మా కాలేజీ పద్ధతి. ఆ సంగతి ఆమెకి చెప్పక తప్పలేదు. విన్నది. తట్ట ఎత్తుకుని ఆటో ఎక్కి బోగోలు వెళ్ళిపోయింది.

ఆ మూడు నెలలూ ఆమె ఎలా గడిపిందో అనూష వింటూనే ఉంది, మాకు చెబుతూనే ఉంది. వారానికోసారి ఫోను. మొదట అక్క బాగోగులు, తర్వాత చేపల ధర, చివర్లో పెట్టేసే ముందు, ఏదో అప్పుడే గుర్తొచ్చినట్టు, "ఉండాయా అయి?" అనేది.

"ఉండాయి పిన్నమ్మా."

"ఇప్పలేదే?"

"ఇప్పలేదు."

తడి ఇసకలో అల వెనక్కి లాగేచోట మడమల కింద నించి ఇసక జారిపోతుంది కదా, అక్కడ నిలబడి భర్తని అడిగేదట, ఇట్టా ఉంటదా అని. కాదనేవాడు. కావలి పోయే ఆటో గతుకుల్లో ఎగిరిపడ్డ రోజు ఇంటికొచ్చి మళ్ళీ అడిగేది, అట్టా ఉంటదా అని. కాదనేవాడు. "మరి ఎట్టా ఉంటదో చెప్పరాదా!" అని ఒకసారి గట్టిగా అరిచిందట. హజరత్తయ్య బిత్తరపోయి, చెప్పాలని నోరు తెరిచి, చెప్పడం రాక మూసేశాడట. పాపం, ఆయన పుట్టినప్పటి నించీ ఉన్నది బోటు మీదే. నేల ఎట్లా ఉంటుందో చెప్పమంటే మనం మాత్రం ఏం చెబుతాం?

విజయకుమారి మాత్రం చేపల రేవులో వదల్లేదు. "అక్కా, టికెట్టు దొరికిందా? కిటికీ పక్క సీటు చూసుకో" అనేది. మాలకొండమ్మ మొదట్లో తిట్టేది. తర్వాత తర్వాత తిట్టడం మానేసింది. అది చూసి విజయకుమారికే భయం వేసిందట.

చెన్నైలో మాకు మూడో బహుమతి వచ్చింది. మా బూట్లు వేసుకుని బోటు మీద నిలబడిన జడ్జీ ఒకాయన నిజంగానే వాంతి చేసుకోబోయాడు. అంతకన్నా పెద్ద మెప్పు ఏముంటుంది! తిరిగొచ్చాక మోటార్లు ఇచ్చేయమన్నారు. అనూష ల్యాబు మాస్టారి వెంటపడి, పరీక్షలయ్యేదాకా, తర్వాత సెలవలు మొదలయ్యేదాకా అని గడువు సాగదీసింది. నిషేధం మొదలైన వారంలోనే బూట్లు సంచిలో పెట్టుకుని బస్సెక్కాం. మర్నాడు వాటిని అప్పగించాలి.

ఒడ్డంతా బోట్లు. ఇసక మీద అటూ ఇటూ కర్ర ముక్కలు ఊతంగా పెట్టి వరసగా నిలబెట్టారు. షెల్టరు హాల్లో చంద్రమౌళి తన కుర్చీలో ఉన్నాడు. ఆడవాళ్ళు గోడల వెంబడి. హజరత్తయ్య లోపలికి రాకుండా గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు.

మాలకొండమ్మ తలస్నానం చేసి వచ్చింది. బయట కుళాయి దగ్గర మళ్ళీ కాళ్ళు కడుక్కుంది. బూట్ల ముందు వంగి, ఒకదాని అంచు తాకి, ఆ వేళ్ళు కళ్ళకద్దుకుంది. బోటుకి చేసినట్టే. ఎవరో కిసుక్కుమన్నారు. విజయకుమారి ఆ మనిషి వైపు గుర్రుగా చూసింది.

బూట్లు తొడిగి, హెడ్‌సెట్ పెట్టి, చెరో పక్క మోచేతులు పట్టుకున్నాం. అనూష మొదలుపెట్టింది.

"అమ్మో, ఇంజను!" అంది మాలకొండమ్మ. "పిక్కల్లోకొస్తాంది."

ఒడ్డు అలలు దాటేటప్పుడు బోటు ముందు భాగం లేచి పడుతుంది. మడమ సంచి దిగి వేళ్ళ సంచి లేచింది. ఆమె మా చేతులు గట్టిగా పట్టేసింది. "పడతానే, పడతానే!"

"పడితే గచ్చే అక్కా, ఈత అక్కర్లా!" అంది విజయకుమారి.

హాలంతా నవ్వింది. మాలకొండమ్మ కూడా నవ్వింది, కానీ ఆ నవ్వు మాకోసం కాదు. మోకాళ్ళు వాటంతటవే కాస్త వంగాయి. పాదాలు ఎడంగా జరిగాయి. ఊగడం నేర్చుకుంది. "అదిగో షెల్టరు. అదిగో మన నీళ్ళట్యాంకు. చిన్నగయిపోతాంది... ఇంకా చిన్నగయిపోతాంది..."

ఉన్నట్టుండి తల అటూ ఇటూ తిప్పింది. "ఏందమ్మే, చీకటైపోయింది?"

"కెమెరా ఛార్జింగ్ ఇక్కడ అయిపోయింది పిన్నమ్మా. కాళ్ళవే ఉండాయి ఇంక. ఆపేమంటావా?"

"ఆపబాకు. ఈ డబ్బా తీసెయ్."

హెడ్‌సెట్ తీశాం. ఆమె కళ్ళు తెరవలేదు. బొమ్మ లేదు, చప్పుడు లేదు. ఒట్టి అరికాళ్ళతో ఆమె అలా వెళుతూనే ఉంది. మాకు కనిపిస్తున్నది షెల్టర్ మధ్యలో కొద్దిగా ఊగుతున్న ఒక ఆడమనిషి. ఆమెకి తగులుతున్నది ఏమిటో మాలో ఎవరికీ తెలియదు.

"ఇంజనాపినావు," అంది, గుమ్మం వైపు మొహం తిప్పకుండానే.

"ఊ," అన్నాడు హజరత్తయ్య.

"ఎనక్కొచ్చినావు. కుడికాలి మీద బరువేసినావు... ఇంకా అట్నే ఉండావు. వలెయ్యవే?"

"ఏస్తా."

"ఎప్పుడు? కదలవేందయ్యా?"

ల్యాప్‌టాప్ మీద పాదాల గీత నిజంగానే కదలడం లేదు. కింద అల లేచినప్పుడు లేస్తోంది, దిగినప్పుడు దిగుతోంది, అంతే.

"ఇంతసేపు ఏం జేస్తన్నావక్కడ?"

హజరత్తయ్య అందరి మొహాలూ చూశాడు. భుజం మీద తువ్వాలు తీసి మళ్ళీ వేసుకున్నాడు. "ఒడ్డు కనపడకుండా పోయేది ఆడనే. పోయినాక కాసేపు అటే చూస్తా ఉంటా."

"పోయినాక ఏం కనపడతది?"

"ఏం కనపడదు. అయినా చూస్తా."

మాలకొండమ్మ కళ్ళు మూసుకునే ఉంది. కనురెప్పల కింద ఏదో కదిలింది. చాలాసేపు ఆయన నిలబడిన చోటే నిలబడింది.

తర్వాత తల ఎత్తింది. "సరే, నువ్వు ఒడ్డు చూసుకో. నేను ముందుకు పోవాల. ముందర ఏముండాదో చూడాల."

ఒకడుగు వేసింది. ఇంకొకటి వేసింది. మేమూ పట్టుకుని కదిలాం. ఆమె నొసలు ముడిపడింది. "ఇదేంది? ముందుకొచ్చినా ఎనకనే ఉండానే?"

అనూష గొంతు తగ్గించింది. "చిన్నాయన ముందుకు పోలేదు పిన్నమ్మా. ఆయన కాళ్ళు యాడుంటే బూట్లకి అదే తెలుసు."

"అంటే ఈయన పోయిన చోటికే నేను పోవాల. ఈయన నిలబడితే నేనూ నిలబడాల."

"అంతే పిన్నమ్మా."

"పెండ్లయినప్పట్నించీ అదేగదమ్మే," అంది మాలకొండమ్మ. "దానికి బూట్లెందుకు?"

ఆడవాళ్ళంతా గొల్లుమన్నారు. చంద్రమౌళి కూడా మీసం చాటున నవ్వాడు. ఆమె మాత్రం కళ్ళు తెరిచి, గచ్చు మీద కూర్చుని, బూట్లు తనే విప్పింది. విప్పి వాటిని పక్కపక్కనే పెట్టి, ఒట్టి పాదాలు గచ్చుకి ఆనించి చూసుకుంది. ఒకసారి గట్టిగా అదిమింది. అది కదల్లేదు.

"మామా," అంది.

"చెప్పు."

"నీళ్ళ మీద మనోడెవుడన్నా ఉండాడా ఇప్పుడు?"

"ఎవురుంటారు? నిషేధం గదా."

"నీళ్ళ మీద ఎవురూ ల్యాకపోతే ఆడమనిషి ఎక్కినా నష్టం ల్యాదంటివే. బోటు అల్లదిగో ఇసకలో ఉండాది. నేనెక్కితే ఎవురికి నష్టం?"

అది చంద్రమౌళి చెప్పిన తీర్పే. అందులో ఆయనకి ఒక్క ముక్క కూడా కాదనడానికి లేదు. కర్ర నేలకి ఆనించి, దాని మీద గడ్డం పెట్టుకుని, కిటికీలోంచి బోట్ల వైపు చూస్తూ ఉండిపోయాడు.

"అడిగినావు గనక కూడదనే చెప్పాల నేను," అన్నాడు చివరికి. "అడక్కుండా ఉంటే నేను చూసేవాణ్ణి గాదు. నాకిప్పుడు చూపు ఆనటంలా."

లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి ఆడవాళ్ళని గదిమాడు. "ఏందే ఇంకా? తిరణాల అయిపోయింది. పదండి ఇళ్ళకి. ఎండబెట్టిన చేపలు కాకులు తింటా ఉంటే..." అందరినీ ముందు పెట్టుకుని సముద్రానికి ఎదురు దిక్కున నడిచాడు. విజయకుమారి రెండు మూడుసార్లు వెనక్కి చూసింది గానీ ఆగలేదు.

హజరత్తయ్య ఒక్కడే ఒడ్డుకి వెళ్ళి, బోటు అడుగున పట్టిన గుల్లలు గీకడం మొదలుపెట్టాడు. మేం షెల్టరు మెట్ల మీద వైర్లు చుట్టుకుంటూ ఉన్నాం. కాసేపటికి మాలకొండమ్మ మమ్మల్ని దాటుకుంటూ ఇసకలోకి దిగింది. బోటు దగ్గర ఆగింది. హజరత్తయ్య ఆమెని చూడలేదు. గీకుడు కత్తి తీసుకుని బోటు అవతలి పక్కకి వెళ్ళిపోయాడు.

ఆమె అంచు పట్టుకుంది. చీర దోపుకుని కాలెత్తింది. మొదటిసారి జారింది. అనూష చేతిలో సెన్సార్ల అట్టలున్నాయి. నేను లేవబోయాను. ఆ పాదాలు నమోదు చేయాలి! ఎవరి దగ్గరా ఉండవవి! అనూష నా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. "ఉండనియ్" అంది.

రెండోసారి ఎక్కింది. ఇంజను పక్క నించి, వలల కుప్ప మీద నించి, ముందు కొసకి నడిచింది. సముద్రం వైపు తిరిగి, పాదాలు ఎడంగా పెట్టి, మోకాళ్ళు కాస్త వంచి నిలబడింది. ఇసకలో బోటు బండరాయిలా ఉంది. ఆమె అలాగే నిలబడింది, అది ఊగడం కోసం ఎదురుచూస్తున్నట్టు.

అవతల పక్క గీకుడు చప్పుడు ఆగింది. హజరత్తయ్య వంగి, ఆ పక్క ఊతంగా పెట్టిన కర్ర ముక్కని కాస్త ఎడం జరిపాడు. బోటుకి వీపు ఆనించాడు. మొహం పాళెం వైపుంది, ఆమె వైపు లేదు. మడమలు ఇసకలో పాతుకుని, పళ్ళు బిగబట్టి నెట్టాడు. బోటు అంగుళం ఒరిగి మళ్ళీ సర్దుకుంది.

మాలకొండమ్మ రెండు చేతులూ గాలిలోకి లేచాయి.

"ఇంకాస్త," అంది, సముద్రం మీద నించి కళ్ళు తిప్పకుండా.

ఆయన మళ్ళీ వీపు ఆనించాడు.